సూరత్‌లో వానాకాలపు డ్రైవింగ్

సూరత్‌లో వానాకాలపు డ్రైవింగ్ అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు తడి రోడ్లపై, నీరు నిలిచిన దారుల్లో వాహనాన్ని అదుపు తప్పకుండా నడిపే పద్ధతి. తాపీ నది ఒడ్డున ఉన్న ఈ గుజరాత్ నగరంలో మంచు కురవదు. జారుడుకు కారణం వాన. తొలి జల్లుల్లో దుమ్ము, నూనె కలిసి రోడ్డుపై జిగట పొర ఏర్పడుతుంది. వేగం ఎక్కువైతే టైరు కింద నీటిపొర చేరి చక్రం నేలపై పట్టు కోల్పోతుంది. స్టీరింగు, బ్రేకు దాదాపు పనిచేయవు. అప్పుడు హఠాత్తుగా బ్రేకు వేయకుండా యాక్సిలరేటరును మెల్లగా వదలడమే సురక్షితం. ఆగడానికి తడి రోడ్డుపై పొడి రోడ్డుకు రెట్టింపు దూరం పట్టవచ్చు. కారు టైరు గాడుల లోతు కనీసం 1.6 మి.మీ. ఉండాలి. నీరు నిలిచే దారులూ తెలిసి ఉండాలి: మరమగ్గాల్లో పనిచేసే తెలుగు కార్మికులు నివసించే లింబాయత్ ప్రాంతంలో మీఠీ ఖాడీ అనే వాగు పొంగితే వీధులు మునుగుతాయి. 2006 ఆగస్టులో తాపీపై ఉన్న ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో నగరంలో అధిక భాగం మునిగింది.