చలిదేశపు కోటు, మన ఉక్కపోత

పొడుగు బొచ్చు పిల్లిని పెంచుకునే ఇళ్ళలో గోల ఒకటే. సోఫా మీద బొచ్చు, చీర మీద బొచ్చు, ఆఖరికి అన్నంలోనూ బొచ్చే! విసుగొచ్చి ఎవరికైనా ఇచ్చేద్దామనుకునే ముందు దాని చరిత్ర కాస్త వినండి.

1620 ప్రాంతంలో పియెత్రో దెల్లా వల్లే అనే ఇటలీ యాత్రికుడు పర్షియాలో ఖొరాసాన్ పిల్లుల్ని చూసి ముచ్చటపడి, రోమ్‌కు తీసుకెళ్ళాలనుకున్నాడు. ఖొరాసాన్‌లో చలి గట్టిగా ఉంటుంది. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల ప్రదర్శన మొదలయ్యాక, అందం కోసం మనుషులే ఆ బొచ్చును ఇంకా ఒత్తుగా పెంచుకుంటూ వచ్చారు.

మన శ్రీకాకుళం, విజయనగరం పెరటి పిల్లులది పొట్టి బొచ్చు. నాలుకతో నాకి అవే శుభ్రం చేసుకుంటాయి. పర్షియన్ పిల్లికి నాలుక చాలదు. మింగిన బొచ్చు కడుపులో ఉండ కడుతుంది. పగటి వెలుతురు పెరిగేకొద్దీ పిల్లులు చలికాలపు బొచ్చు రాలుస్తాయి. ఇంట్లో ఎప్పుడూ లైట్ల కిందే ఉంటే ఏడాదంతా రాలుతూనే ఉంటుంది.

అందుకే రోజూ పది నిమిషాలు స్టీలు దువ్వెనతో లోపలి మెత్తటి బొచ్చుదాకా దువ్వండి. చెవుల వెనక, కాళ్ళ సందుల్లో చిక్కులు చూడండి. నున్నగా గొరిగించకండి, చర్మానికి ఎండ తగులుతుంది. ఎక్కడైనా బొచ్చు ఊడి బోడిగా కనిపిస్తే పశువుల డాక్టరుకి చూపించండి.

రాలేది ఆగదండీ. సోఫా మీద పడే బదులు దువ్వెనలోకి వస్తుంది, అంతే.