డాలస్ గుర్రాలు అట్లాంటిక్ చేరిన కథ

2027 ఫిబ్రవరి 25తో ఒక శిక్షకు నలభై ఏళ్లు నిండుతాయి. అమెరికా కాలేజీ ఆటల చరిత్రలో దానికి ‘మరణదండన’ అని పేరు. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ, అందరి నోటా ఎస్‌ఎంయూ, 1987లో ఫుట్‌బాల్ ఆడటానికి వీల్లేదని కాలేజీ ఆటల పాలకమండలి ఎన్‌సీఏఏ ఆ జట్టునే మూసేయించింది. పెద్ద స్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో అలాంటి శిక్ష అంతకుముందు ఎవరికీ పడలేదు, ఆ తర్వాతా పడలేదు. ఆ జట్టే 2024 జులై 1న అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో, అంటే ఏసీసీలో, అడుగుపెట్టింది. డాలస్ నుంచి కారులో తూర్పుకు బయల్దేరితే లూసియానా, మిసిసిపీ, అలబామా దాటి జార్జియా చివరికంటా పోతే గానీ అట్లాంటిక్ నీళ్లు కనిపించవన్నది వేరే సంగతి.

కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీలు కట్టుకున్న కూటమి. తమలో తాము ఆడుకుంటాయి, తమలో ఒక విజేతను తేల్చుకుంటాయి. టీవీ కంపెనీలు విడివిడిగా కాలేజీలతో కాక కూటమితో బేరం కుదుర్చుకుంటాయి. వచ్చిన సొమ్మును సభ్యులు పంచుకుంటారు. కాబట్టి ఎంత బాగా ఆడతావన్నది ఒక ఎత్తు, ఏ కూటమిలో ఉన్నావన్నది ఒక ఎత్తు. మన పెళ్లి సంబంధాల తంతు ఇది. పిల్లవాడు బుద్ధిమంతుడే, కానీ వంశం, ఆస్తి, పలుకుబడి చూడకుండా వియ్యమందేదెవరు?

డాలస్ చుట్టూ ఇర్వింగ్‌లో, ప్లేనోలో, ఫ్రిస్కోలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ల పిల్లల చదువుల మాటల్లో యూటీ డాలస్ పేరు వినిపించినంతగా ఎస్‌ఎంయూ పేరు వినిపించదు. యూటీ డాలస్‌కు అసలు ఫుట్‌బాల్ జట్టే లేదు. చదరంగం ఆడేవాళ్లకు స్కాలర్‌షిప్‌లిచ్చే విశ్వవిద్యాలయం అది, మనవాళ్లకు నచ్చడంలో ఆశ్చర్యం లేదు. ఎస్‌ఎంయూ వేరే లోకం. ఖరీదైన యూనివర్సిటీ పార్క్‌లో ఎర్ర ఇటుక భవనాల మధ్య, నూనె బావుల డబ్బు నీడలో పెరిగిన ప్రైవేటు విద్యాలయం.

మెథడిస్టు చర్చి దాన్ని 1911లో స్థాపించింది, 1915లో తరగతులు మొదలయ్యాయి. వేదాంత విద్యార్థులు ఎక్కువ కావడంతో మొదట జట్టును ‘పార్సన్స్’ అనేవారు. ‘పాదిరీలు’ అని పేరు పెట్టుకుని ఎదుటివాణ్ని నేలకేసి కొట్టే ఆట ఆడటం బాగోదనుకున్నారో ఏమో, 1917లో ‘ముస్టాంగ్స్’ అన్నారు. అడవి గుర్రాలు. మరుసటి ఏడాదే టెక్సస్ దిగ్గజాలున్న సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరారు. 1932 నుంచి మైదానంలో పరుగెత్తే పొట్టి గుర్రానికి పెరూనా అని పేరు పెట్టారు. అది ఆ రోజుల్లో అమ్మిన ఒక టానిక్కు పేరు. పాదిరీల బడికి టానిక్కు గుర్రం, ఇంతకన్నా టెక్సస్ లక్షణం ఏముంటుంది!

1935 నవంబరు 30న పొరుగునున్న ఫోర్ట్‌వర్త్‌లో అక్కడి కాలేజీ టీసీయూతో ఆట. రెండు జట్లకూ అప్పటిదాకా ఓటమి లేదు. చివరి అంకంలో ఎస్‌ఎంయూ బంతిని దూరంగా తన్నేస్తున్నట్టు నటించి పాస్ విసిరింది. బాబీ విల్సన్ దాన్ని అందుకున్నాడు. 20-14తో గెలిచి కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్‌కు వెళ్లి, అక్కడ స్టాన్‌ఫర్డ్ చేతిలో 7-0తో ఓడింది. స్టాన్‌ఫర్డ్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. 1948లో డోక్ వాకర్ దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ తెచ్చాడు. అతన్ని చూడటానికొచ్చే జనం కోసమే కాటన్ బౌల్ స్టేడియాన్ని పెంచాల్సి వచ్చిందని డాలస్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత పదిహేనేళ్లు చెప్పుకోదగ్గ పండగేమీ లేదు.

1965లో కోచ్ హేడెన్ ఫ్రై, జెర్రీ లెవయాస్ అనే నల్లజాతి కుర్రాడికి స్కాలర్‌షిప్ ఇచ్చి తీసుకొచ్చాడు. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లో స్కాలర్‌షిప్ మీద చేరిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. చంపేస్తామని బెదిరింపు ఉత్తరాలొచ్చాయి. 1968లో టీసీయూతో ఆటలో ప్రత్యర్థి ఒకడు ముఖాన ఉమ్మేశాడు. కాసేపటికి లెవయాస్ ప్రత్యర్థులు దూరంగా తన్నిన బంతిని అందుకుని అందరినీ దాటుకుని టచ్‌డౌన్ చేశాడు. ఈ విశ్వవిద్యాలయం గర్వంగా చెప్పుకోవాల్సిన కథ ఇది. జనం నోట ఎక్కువగా నానేది మాత్రం ఒక కారు కథ. నాకు కూడా, ఒప్పుకుంటున్నాను, ఆ కారు కథంటేనే మోజు.

1979. టెక్సస్‌లో నూనె డబ్బు పొంగుతున్న రోజులు. అంతకు ముందు ఏడాదే ‘డాలస్’ టీవీ సీరియల్ మొదలై, ఆ నగరమంటే తెల్ల టోపీలు, వెన్నుపోట్లు అని లోకానికి నేర్పుతోంది. హ్యూస్టన్‌కు పడమరగా సీలీ అనే చిన్న ఊళ్లో ఎరిక్ డికర్సన్ అనే హైస్కూలు కుర్రాడు జింకలా పరుగెత్తుతున్నాడు. ప్రతి కాలేజీకీ అతను కావాలి. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌కు వెళ్తానని మాటిచ్చాడు. అదే సమయంలో బంగారు రంగు పాంటియాక్ ట్రాన్స్ యామ్ కారులో తిరగడం మొదలుపెట్టాడు. పత్రికలవాళ్లు దాన్ని ‘ట్రాన్స్ ఏ అండ్ ఎమ్’ అని ఎగతాళి చేశారు. ఇంట్లోవాళ్లే కొనిపెట్టారని డికర్సన్ ఏళ్లపాటు చెబుతూ వచ్చాడు. చివరికి సంతకం పెట్టింది ఏ అండ్ ఎమ్‌కు కాదు, ఎస్‌ఎంయూకు. కారు మాత్రం అతనితోనే ఉండిపోయింది.

అప్పటి ఎస్‌ఎంయూ కోచ్ రాన్ మేయర్. హైస్కూళ్ల నోటీసు బోర్డులకు తన విజిటింగ్ కార్డును వంద డాలర్ల నోటుతో కలిపి గుచ్చేవాడని ఆయన మీద ఒక కథ. డికర్సన్‌తో పాటు క్రెయిగ్ జేమ్స్ కూడా చేరాడు. ఇద్దరూ వంతులవారీగా బంతి పట్టుకుని పరుగెడుతుంటే ‘పోనీ ఎక్స్‌ప్రెస్’ అన్నారు. 1980 హాలిడే బౌల్‌లో చివరి నాలుగు నిమిషాలు ఉండగా ఇరవై పాయింట్ల ఆధిక్యంలో ఉండి, బ్రిగమ్ యంగ్ చేతిలో 46-45తో ఓడిపోయారు. ఆ తర్వాత నాలుగు సీజన్లలో మాత్రం 41 గెలుపులు, 5 ఓటములు, ఒక సమం. ఆ సమం 1982లో ఆర్కన్సాతో. మేయర్ వెళ్లిపోయాక వచ్చిన కోచ్ బాబీ కాలిన్స్ ఆ ఏడాది జట్టును ఓటమి లేకుండా నడిపించాడు. కాటన్ బౌల్‌లో డాన్ మరీనో ఉన్న పిట్స్‌బర్గ్‌ను 7-3తో ఓడించారు. అయినా ర్యాంకుల్లో రెండో స్థానమే దక్కింది. మొదటిది పెన్ స్టేట్‌కు పోయింది.

ఇదంతా బూస్టర్లు అనే ధనిక అభిమానుల జేబుల మీద నడిచింది. ఆటగాళ్లకు స్కాలర్‌షిప్ తప్ప పైసా ఇవ్వకూడదన్నది అప్పటి నిబంధన. దాన్ని ఎస్‌ఎంయూ ఒక్కటే తప్పిందనుకుంటే పొరపాటు. ఆ దశాబ్దంలో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లోని తొమ్మిది కాలేజీల్లో సగానికి పైగా పాలకమండలి ఎన్‌సీఏఏ చేతిలో ఎప్పుడో ఒకప్పుడు శిక్ష పడ్డవే. ఎస్‌ఎంయూ ప్రత్యేకత, పదేపదే దొరికిపోవడం. 1981లో దొరికింది, 1985లో మళ్లీ దొరికింది. అదే 1985లో ఎన్‌సీఏఏ కొత్త నిబంధన తెచ్చింది: అయిదేళ్లలో రెండుసార్లు పెద్ద తప్పు చేస్తే జట్టును మూసేయవచ్చు.

అక్కడైనా ఆగాల్సింది. విశ్వవిద్యాలయ పెద్దలు కూర్చుని ఒక నిర్ణయానికొచ్చారు. కొత్తవాళ్లకు ఇవ్వొద్దు, ఇప్పటికే మాటిచ్చిన కుర్రాళ్లకు మాత్రం చదువు అయ్యేదాకా ఇస్తూ పోదాం. ఇచ్చిన మాట తప్పడం పాపమనుకున్నారేమో, లేక ఆపితే ఎవడైనా నోరు విప్పుతాడని భయపడ్డారేమో. రెండోదే ఎక్కువ నమ్మబుద్ధవుతుంది. ఎందుకంటే జరిగింది అదే. 1986 నవంబరులో డబ్బు ఆగిపోయిన ఒక మాజీ ఆటగాడు డాలస్ టీవీ చానల్ డబ్ల్యూఎఫ్ఏఏలో కూర్చుని, చేరడానికి 25,000 డాలర్లిచ్చారని, తర్వాత నెలనెలా పంపారని చెప్పాడు. స్పోర్ట్స్ యాంకర్ డేల్ హాన్సన్ ఊరుకోలేదు. ఎస్‌ఎంయూ అధికారులను కెమెరా ముందు కూర్చోబెట్టి, డబ్బు వచ్చిందంటున్న కవరు చేతికిచ్చాడు. ఆ కవరు చూస్తూ వాళ్లు తడబడిన తీరు చూశాక ప్రేక్షకులకు వేరే సాక్ష్యం అవసరం లేకపోయింది. ఏడాది తిరిగేలోపు విశ్వవిద్యాలయ అధ్యక్షుడు, అథ్లెటిక్ డైరెక్టర్, కోచ్ కాలిన్స్ ముగ్గురూ తప్పుకున్నారు.

1987 ఫిబ్రవరి 25న తీర్పు వచ్చింది. పదమూడు మంది ఆటగాళ్లకు ఒక బూస్టర్ నిధి నుంచి మొత్తం 61,000 డాలర్ల దాకా ముట్టిందని తేల్చారు. 1987 సీజన్ రద్దు. 1988లో ఇంటి మైదానంలో ఆటలు రద్దు, బయటి ఊళ్లలో ఏడు ఆడుకోవచ్చు. యాభై అయిదు స్కాలర్‌షిప్‌ల కోత. మార్చిలో మరో పిడుగు. ఆ ‘మాట తప్పొద్దు’ నిర్ణయంలో తానూ ఉన్నానని బిల్ క్లెమెంట్స్ ఒప్పుకున్నాడు. అంతకు ముందు ఆయన ఎస్‌ఎంయూ పాలకవర్గ అధ్యక్షుడు. ఒప్పుకునేనాటికి టెక్సస్ గవర్నరు! మిగిలిన ఆటగాళ్లను ఏరుకోవడానికి దేశం నలుమూలల నుంచి కాలేజీల కోచ్‌లు క్యాంపస్‌లో దిగారు. రెండో ఏడాది ఆడటానికి మనుషులే లేక ఎస్‌ఎంయూ తనంతట తానే 1988 సీజన్‌ను కూడా వదులుకుంది.

1988లో పాత విద్యార్థి, గ్రీన్‌బే ప్యాకర్స్ దిగ్గజం ఫారెస్ట్ గ్రెగ్ అక్కడ కోచ్ ఉద్యోగం వదులుకుని వచ్చాడు. అతనికి దొరికింది మీసాలు సరిగా రాని కుర్రాళ్ల గుంపు. 1989లో మళ్లీ మైదానంలో దిగి, హ్యూస్టన్ చేతిలో 95-21తో ఓడారు. అయినా కనెక్టికట్‌తో ఆటలో వెనకబడి వెనకబడి చివరికి 31-30తో గెలిచిన సాయంత్రం, క్యాంపస్ పక్క వీధి పేరు కలిపి దానికి ‘మోకింగ్‌బర్డ్ మహిమ’ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఏడాది రెండు గెలుపులు, తొమ్మిది ఓటములు. 2008 దాకా గెలుపులు ఓటముల కన్నా ఎక్కువున్న సీజన్ ఒకే ఒక్కటి, 1997.

కాన్ఫరెన్స్ బేరాలు జోరందుకున్నది సరిగ్గా ఆ కాలంలోనే. ఎస్‌ఎంయూ ముహూర్తం ఎప్పుడూ ఇంతే. సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ 1996లో కూలిపోయింది. టెక్సస్, ఏ అండ్ ఎమ్, టెక్సస్ టెక్, బేలర్ నాలుగూ వెళ్లి బిగ్ 12లో కలిశాయి. ఎస్‌ఎంయూ, టీసీయూ, రైస్ వాకిట్లో మిగిలాయి. ఎస్‌ఎంయూ పశ్చిమాన వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో తలదాచుకుంది. 2005లో కాన్ఫరెన్స్ యూఎస్‌ఏ. 2013లో బిగ్ ఈస్ట్ అని పిలిచి తీసుకెళితే, అక్కడికి చేరేసరికి ఆ ఇల్లు రెండుగా చీలి వీళ్ల వాటాకు ‘అమెరికన్’ అనే కొత్త పేరు పడింది. ఈలోగా టీసీయూ బాగా ఆడి, 2012లో బిగ్ 12 గుమ్మం దాటేసింది. అప్పట్లో ఏటా ఇనుప మూకుడు ట్రోఫీ కోసం కొట్టుకునే పొరుగువాడు అలా పైకెళ్తే కడుపు మండదా?

2016లో బిగ్ 12 కొత్త సభ్యుల కోసం చూస్తున్నామంటే ఎస్‌ఎంయూ కూడా వెళ్లి నిలబడింది. ఎవరినీ తీసుకోలేదు. 2021లో టెక్సస్, ఓక్లహోమా ఆ కూటమిని వదిలి ఎస్ఈసీ అనే మరో కూటమికి పోతామన్నాయి. ఖాళీలు నింపడానికి బ్రిగమ్ యంగ్, సిన్సినాటి, హ్యూస్టన్, సెంట్రల్ ఫ్లోరిడాలను పిలిచారు. ఎస్‌ఎంయూను పిలవలేదు. 2023 మొదట్లో పశ్చిమ తీరపు ప్యాక్-12 కమిషనర్ డాలస్ వచ్చి బాస్కెట్‌బాల్ ఆట చూసి వెళ్లాడు. సంబంధం ఖాయమే అనుకున్నారు. ఆగస్టుకల్లా ప్యాక్-12 తానే కుప్పకూలింది.

ఆ శిథిలాల్లోంచే దారి దొరికింది. ఇల్లు పోయిన స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీలు ఏసీసీ తలుపు తట్టాయి. ఎస్‌ఎంయూ వెంటపడింది. తన షరతు విని ఏసీసీ వాళ్లే నివ్వెరపోయి ఉంటారు: తొమ్మిదేళ్లు టీవీ సొమ్ములో వాటా అక్కర్లేదు, రానివ్వండి చాలు. పదిహేను మంది సభ్యుల్లో పన్నెండు ఓట్లు కావాలి. 2023 సెప్టెంబరు 1న నార్త్ కరోలినా స్టేట్ మనసు మార్చుకోవడంతో సరిగ్గా పన్నెండు వచ్చాయి. క్లెమ్సన్, ఫ్లోరిడా స్టేట్, నార్త్ కరోలినా వద్దన్నాయి. ఎదురుకట్నానికి వెరవని డాలస్ ధనికులు వారంలో 10 కోట్ల డాలర్లు పోగుచేశారని విశ్వవిద్యాలయం ప్రకటించింది. 1936 రోజ్ బౌల్ ప్రత్యర్థులు ఒకే గుమ్మంలోంచి ఒకే రోజున లోపలికొచ్చారు. పసిఫిక్ తీరం నుంచి ఒకరు, టెక్సస్ మైదానం నుంచి ఒకరు, అట్లాంటిక్ పేరున్న ఇంట్లోకి!

మొదటి ఏడాదే ఏసీసీలో ఎనిమిదికి ఎనిమిదీ గెలిచారు. ఫైనల్లో క్లెమ్సన్ సమయం అయిపోతున్న క్షణాన 56 గజాల ఫీల్డ్ గోల్ కొట్టి 34-31తో ఓడించింది. అయినా పన్నెండు జట్ల జాతీయ ప్లేఆఫ్‌కు ఎస్‌ఎంయూ వెళ్లింది, అక్కడ పెన్ స్టేట్ 38-10తో తరిమేసింది. ఇక్కడి నుంచి కథకు వరుస చెప్పడం కష్టం. ఎస్‌ఎంయూను వద్దన్న క్లెమ్సన్, ఫ్లోరిడా స్టేట్ తామే బయటికి పోవడానికి ఏసీసీ మీద దావాలు వేశాయి, 2025లో రాజీపడ్డాయి. అదే ఏడాది జూన్‌లో ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో కాలేజీకి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పదమూడు మందికి 61,000 పంచినందుకు జట్టునే పూడ్చిపెట్టిన వ్యవస్థ ఇదే. ఆ శిక్ష న్యాయమా కాదా అని నన్నడిగితే, నిబంధన ప్రకారం న్యాయమే, పక్కవాళ్లను వదిలేసినందుకు అన్యాయం అంటాను.

ఇక లెక్క. ఎస్‌ఎంయూ టీవీ సొమ్ము వదులుకున్న తొమ్మిదేళ్లు 2033లో ముగుస్తాయి. ఈఎస్‌పీఎన్‌తో ఏసీసీ ఒప్పందం 2036తో ముగుస్తుంది. ఇంత పోరి చేరిన ఇంట్లో, ఇప్పుడున్న ఒప్పందం మీద ఎస్‌ఎంయూకు పూర్తి వాటా దక్కేది మూడేళ్లు.