బిలియన్ అంటే ఎంత? ఒక పదం చరిత్ర

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఒక అమెరికన్ డాలరు సుమారు 4.2 జర్మన్ మార్కులకు సమానం. 1923 నవంబరు నాటికి ఆ విలువ ఎంతకు చేరింది? జర్మన్ గ్రంథాలలో 4.2 బిలియన్ మార్కులని, అమెరికన్ గ్రంథాలలో 4.2 ట్రిలియన్ మార్కులని ఉంటుంది. ఈ రెండింటిలో ఏది సరైనదని మీకు సందేహం కలగవచ్చు. రెండూ సరైనవే. రెండింటి అర్థం 4.2 లక్షల కోట్లు. ఒకే సంఖ్యకు రెండు పేర్లు ఎలా వచ్చాయో పరిశీలిద్దాం.

'మిలియన్' ఇటాలియన్ భాష నుంచి వచ్చిన పదం. దానికి 'పెద్ద వెయ్యి' అని అర్థం. వెయ్యి వేలు, అంటే 10 లక్షలు. ఫ్రెంచి గణితవేత్త నికొలాస్ షుకే 1484 నాటి తన రచనలో మిలియన్‌ను మిలియన్‌తో గుణిస్తే వచ్చే సంఖ్యను బిలియన్ అన్నాడు. 'బి' అంటే రెండు. ఆ లెక్కన బిలియన్ అంటే మన లక్ష కోట్లు.

17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో కొందరు గణితవేత్తలు అంకెలను మూడేసి చొప్పున విభజిస్తూ, వెయ్యి మిలియన్లనే బిలియన్ అనసాగారు. అంటే 100 కోట్లు. అమెరికా ఈ అర్థాన్నే స్వీకరించింది. జర్మనీ, బ్రిటన్ పాత అర్థాన్ని నిలుపుకున్నాయి. జర్మన్లు 100 కోట్లను 'మిలియార్డె' అంటారు. ఫ్రాన్స్ 1961లో అధికారికంగా పాత అర్థానికే తిరిగి వెళ్లింది. బ్రిటన్ మాత్రం ఎదురు దిశలో నడిచింది. అంతర్జాతీయ వాడుకలో బిలియన్ అంటే వెయ్యి మిలియన్లే కనుక, తమ మంత్రులు కూడా ఆ అర్థంలోనే వాడతారని 1974 డిసెంబరులో ప్రధాని హెరాల్డ్ విల్సన్ పార్లమెంటుకు తెలిపాడు.

చరిత్ర విద్యార్థులుగా మీరు గమనించవలసిన విషయం ఇదే. జర్మన్ ఆధారంలోని 4.2 బిలియన్‌ను నేటి ఇంగ్లీషు అర్థంలో తీసుకుంటే 420 కోట్లు అవుతుంది. అప్పుడు ద్రవ్యోల్బణ తీవ్రత వెయ్యో వంతుకు తగ్గిపోతుంది. అందువల్ల పెద్ద సంఖ్య కనిపించినప్పుడు ఆ గ్రంథం ఏ దేశానిది, ఏ కాలానిది, అనువాదమా అన్నవి ముందుగా చూడండి. ఆ తరువాతే దానిని లక్షలు, కోట్లలోకి మార్చండి. మన కోటికి ఇటువంటి రెండర్థాల చిక్కు లేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: 1930లో లండన్‌లో ముద్రితమైన ఒక గ్రంథంలో 'రెండు బిలియన్లు' అని ఉంది. దానిని కోట్లలో ఎలా రాస్తారు? మీ నిర్ణయానికి కారణం తెలపండి.