పాత్ర నుండి పాటకు: బార్బరా కుక్ గాన ప్రస్థానం

తెలుగు పాఠకులకు ‘కాబరే’ అనగానే పాత చలనచిత్రాల్లోని క్లబ్బు నృత్యం స్ఫురిస్తుంది. న్యూయార్క్ నగరంలో ఆ మాటకు ప్రధానార్థం వేరు. భోజనపు బల్లల నడుమ చిన్న వేదిక, ఒక పియానో, ఒక గాత్రం. శ్రోతలు గాయనికి అతి సమీపంలో ఉంటారు. అమెరికా సంగీత నాటకరంగంలో ప్రసిద్ధి చెందిన బార్బరా కుక్ (1927–2017) తన కళాజీవితపు ఉత్తరార్ధాన్ని ఎక్కువగా ఈ గదుల్లోనూ, కచేరీ వేదికల మీదా గడిపారు. నాటకాల్లో వెలుగు తగ్గాక దొరికిన ఆశ్రయంగా దీనిని భావించడం కద్దు. అయితే ఆమెకు కరువైనది గొంతు కాదు, పాత్ర.

జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో జన్మించిన కుక్ 1948లో న్యూయార్క్ చేరి, 1951లో ‘ఫ్లహూలీ’తో బ్రాడ్‌వేలో అడుగుపెట్టారు. 1956లో లెనర్డ్ బెర్న్‌స్టైన్ స్వరపరచిన ‘కాండీడ్’లో ఆమె పోషించిన కునెగాండ్ పాత్రకు ఒపేరా గాయనులు సైతం జంకే తారస్థాయి గానం అవసరం. ఆ నాటకం 73 ప్రదర్శనలతోనే ఆగిపోయింది. దానిని, అందులోని ఆమె గాత్రాన్ని తరువాతి తరాలకు అందించినది గ్రామఫోను రికార్డే. మరుసటి ఏడాది వచ్చిన ‘ది మ్యూజిక్ మ్యాన్’ 1,375 సార్లు ప్రదర్శితమైంది. అందులోని గ్రంథపాలకురాలు మేరియన్ పాత్ర ఆమెకు 1958లో టోనీ పురస్కారం తెచ్చింది. చలనచిత్రంలో మాత్రం ఆ పాత్ర షర్లీ జోన్స్‌కు దక్కింది.

ఈ విజయాలన్నీ ఒకే అచ్చులోనివి. ఉన్నత స్థాయిలో పలికే స్వచ్ఛమైన స్త్రీ గాత్రాన్ని నాటి నాటకకర్తలు యువ నాయికకే కేటాయించారు. నలభై దాటిన స్త్రీకి ఆ సంగీతంలో చోటు స్వల్పం. 1960ల చివర రాక్ సంగీతం బ్రాడ్‌వేకు చేరడంతో ఆ అచ్చు కూడా పాతబడింది. 1971లో ‘ది గ్రాస్ హార్ప్’ ఏడు ప్రదర్శనలకే ముగిసింది. మద్యపానం, కుంగుబాటు, పెరిగిన శరీరం ఆమెను రంగస్థలానికి మరింత దూరం చేశాయి.

1974లో పియానో వాద్యకారుడు వాలీ హార్పర్ పరిచయమయ్యారు. 1975లో కార్నెగీ హాల్ కచేరీతో ఆరంభమైన వారి సహచర్యం 2004లో ఆయన మరణించేవరకు సాగింది. ఇక్కడే ఆమె కళలో మౌలికమైన మార్పు కనిపిస్తుంది. నాటకంలో పాట కథకు లోబడుతుంది. పాడేది మేరియన్, కుక్ కాదు. కాబరేలో ఆ తెర ఉండదు. గాయని వయసు, అనుభవం పాట అర్థంలో భాగమవుతాయి. శరీరానికి తగిలించే మైకులు ప్రచారంలోకి రాని రోజుల్లో చివరి వరుసను చేరవలసిన గొంతు, ఇక్కడ దాదాపు మాటాడినట్లు పలుకవచ్చు. సాహిత్యానికి పెద్దపీట వేసే స్టీఫెన్ సాంఢైమ్ పాటలు ఆమెకు అంతగా అమరడం సహజమే.

విశేషమేమంటే, ఆ అభ్యాసమే ఆమెను తగిన పాత్రకు చేర్చింది. 1985లో లింకన్ సెంటర్‌లో కచేరీ రూపంలో ప్రదర్శించిన ‘ఫాలీస్’లో, గతించిన ప్రేమను వీడలేని నడివయసు స్త్రీ శాలీగా పాడేనాటికి కుక్ వయసు 57. 2010లో ‘సాంఢైమ్ ఆన్ సాంఢైమ్’తో 82 ఏళ్ల వయసులో ఆమె బ్రాడ్‌వేకు మళ్లీ వచ్చారు. దానికి నటీమణుల విభాగంలో టోనీ నామినేషన్ లభించింది. అది కథ, పాత్రలు లేని పాటల కూర్పు.