పెంపకం అనే నింద

ఉప్పెనలో తల్లినీ తమ్ముణ్ణీ పోగొట్టుకున్నప్పుడు మా పిన్నికి ఎనిమిదేళ్ళు. 1977 నవంబరు 19 గురించి దివిసీమలో ఎవరినడిగినా చెప్తారు. ఆ పిల్లకి రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అని మాత్రం అప్పుడెవరూ అడగలేదట. "బియ్యం ఇచ్చారు, బట్టలిచ్చారు. మనసు సంగతి ఎవరికి గుర్తొస్తుందే?" అంటుంది.

2014లో ఆమె కొడుక్కి ఇరవై రెండేళ్ళు. చెవిలో ఎవరో తిడుతున్నారనేవాడు. ఆ గొంతులు ఆగడానికి తాగేవాడు. ఊరంతా పెంపకం అంది. బాబాయీ అదే అన్నాడు. తాగుడు మాన్పించాలని పిన్ని వాణ్ణి గదిలో పెట్టి గడియ వేసింది. మూడో రోజు ఒళ్ళంతా వణుకు, ఫిట్స్, లేని మనుషులు కనిపించడం. గాలి సోకిందన్నారు. బాగా అలవాటైన తాగుడు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకి వస్తుందనీ, ఆస్పత్రిలో వుంచి మాన్పించాలనీ బందరులో ఒక డాక్టరు చెప్పేదాకా ఆమెకి తెలీదు. ఆ తర్వాత ఒకచోట ముందు తాగుడు మానమన్నారు, యింకోచోట ముందు మనసు బాగు చేయించుకోమన్నారు. ఆ రెండు గుమ్మాల మధ్య బస్సుల్లో తిరిగింది పిన్నే.

సారా ఉద్యమం గురించి ఏళ్ళ తరబడి రాసినదాన్ని నేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు రాజేసిన నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. మా గుడివాడ పక్క నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో దాన్ని సడలించారు. నేను సేకరించిన కథనాల్లో భార్యల కోపం వుంది, కూలిడబ్బుల లెక్క వుంది. కొడుకు మంచం పక్కన రాత్రంతా కూర్చున్న తల్లి లేదు. నేనూ అడగలేదు. దుకాణం మూయించడం ఉద్యమం అనుకున్నాం. అప్పటికే అలవాటు పడ్డవాడి వైద్యం యింటి ఆడవాళ్ళ చాకిరీగానే మిగిలిపోయింది.

దారి చూపినవాళ్ళు లేకపోలేదు. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో 1950లలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలని ఆవరణలో గుడారాల్లో వుంచి, జబ్బు గురించి చెప్పి, చూసుకోవడం నేర్పారు. భర్తని తాగుడుకి పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో మద్రాసులో చికిత్సా కేంద్రం ప్రారంభించారు. అక్కడే 1984లో మానసిక వైద్యురాలు శారదా మీనన్ స్కార్ఫ్ సంస్థ పెట్టారు. కుటుంబాన్ని ముద్దాయిగా చూడకుండా వైద్యంలో కలుపుకోవడమే యీ పనుల సారం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యంలో చేర్చింది. గొలుసులతో కట్టెయ్యడాన్ని నిషేధించింది. ఏర్వాడిలో 2001 ఆగస్టులో గొలుసులతోనే కాలిపోయిన వాళ్ళని తలచుకుంటే ఆ వాక్యం విలువ తెలుస్తుంది. రోగి కుటుంబానికి అండగా వుండే సేవలు కల్పించాలని కూడా అదే చట్టంలో వుంది. పిన్ని తిరిగిన బస్సు టిక్కెట్లు ఆ మాట పక్కన పెట్టి చూడాలనిపిస్తుంది నాకు. చట్టంలో 'కుటుంబం' అని రాస్తే యింట్లో దానర్థం 'అమ్మ' అనే కదా!

పిన్ని నెమ్మదిగా కొన్ని నేర్చుకుంది. చేతికి డబ్బివ్వదు, అన్నం మాత్రం ఎప్పుడూ పెడుతుంది. తాగి వున్నప్పుడు వాదించదు. గొంతులు లేవని కొట్టిపారెయ్యదు, "నాకు వినపడట్లేదురా, నీకు భయంగా వుందా?" అంటుంది. చెయ్యెత్తితే పక్కింటికి వెళ్ళిపోతుంది. ఈ ఒక్కటీ నేర్చుకోడానికే ఆమెకి ఎక్కువ కాలం పట్టింది, తల్లికి ఆ హక్కుందని ఎవరూ చెప్పలేదు గనక. చావు మాటలు మాట్లాడితే ఒక్కతే మోయకుండా ఆస్పత్రికి తీసికెళ్తుంది. 2022 నుంచి టెలి మానస్ 14416 నెంబరు కూడా వుంది. వాడు మందులు వాడుతున్నాడు, మధ్యలో మానేస్తాడు, మళ్ళీ మొదలుపెడతాడు.

మొన్న ఆస్పత్రి వరసలో గుడివాడ నుంచి వచ్చిన ఒకావిడ, "నా పెంపకంలోనే ఏదో లోపం" అని ఏడ్చిందట. పిన్ని ఆమె పక్కన కూర్చుని, "నేనూ పదేళ్ళు అలాగే అనుకున్నానమ్మా" అందట. నేను రాయకుండా వదిలేసిన అధ్యాయం యిక్కడ మొదలుపెట్టాలి.