యంత్రపుగది వ్యయము: తెలుగునాట చలనచిత్రప్రదర్శన చరిత్రమున నొక యధ్యాయము

తెలుగు చలనచిత్రముల చరిత్రము వ్రాసినవారు నటులను, దర్శకులను, నిర్మాతలను విరివిగా పేర్కొనిరి. ప్రేక్షకుల వెనుక, చిన్న కన్నములుగల గోడ కావల, వేడిలోను పొగలోను నడచిన యంత్రపుగదిని గూర్చి వ్రాసినవారు తక్కువ. ఆ గదిని సమకూర్చుట కెంత వ్యయమైనది, ఆ వ్యయమును భరించినవా రెవరు అను ప్రశ్న చిన్నదిగా దోచును. కాని యే యూరికి చిత్రము వచ్చెను, వచ్చినచోట నెంతకాలము నిలిచెను అను విషయములు పెక్కుమార్లు నటుల ప్రతిభవలన గాక యా గది వ్యయమువలననే నిర్ణయింపబడినవి. మదనపల్లె, పుంగనూరు, కుప్పము వంటి పట్టణముల పక్షమున నిలిచి చూచినచో నీ సంగతి స్పష్టపడును.

ఈ చర్చకు రెండు కొనుగోళ్లు మూలము. మొదటిది 1905వ సంవత్సరమునాటిది. తిరుచిరాపల్లిలో రైల్వేయందు ఉద్యోగియైన సామికన్ను విన్సెంటు, డూపాంటు అను ఫ్రెంచి ప్రదర్శకునియొద్ద నొక యంత్రమును, ఏసుక్రీస్తు జీవితమును జూపు చిత్రమును, మఱికొన్ని చిన్న చిత్రములను గొనెను. వాని వెల రూ. 2,250 అని చరిత్రకారులు సాధారణముగా వ్రాయుదురు. రెండవది 1910 ప్రాంతమునాటిది. కొందఱు 1909 అందురు. బందరునుండి మద్రాసు చేరి ఛాయాచిత్రశాలను నడపుచుండిన రఘుపతి వెంకయ్య యా శాలను కుదువబెట్టి, రూ. 30,000 వెచ్చించి, క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించెను. దానితో మద్రాసు విక్టోరియా పబ్లికు హాలులో ప్రదర్శనములు చేసెను.

ఈ రెండు వెలల తారతమ్యము పదుమూడు రెట్లకు మించినది. ఐదేండ్లలో యంత్రముల ధర యంతగా పెరిగెనని తలపరాదు. విన్సెంటు గొన్నది మూగయంత్రము. అదియు నితరుడు వాడి విడిచినది. వెంకయ్య తెప్పించినది తెరమీది బొమ్మతోపాటు గ్రామఫోను పలకను త్రిప్పి, దాని ధ్వనిని గాలి యొత్తిడిచే పెద్దదిచేసి సభకంతకు వినిపించునది. కావున నధికవ్యయమునకు ముఖ్యకారణము ధ్వనియే. అయితే పలకకును ఫిల్ముకును పొత్తు కుదురుట కష్టము. ఒక పలక నడచు కొలదినిమిషములకు మించి చిత్రము సాగదు. లోకమున నా పద్ధతి నిలువలేదు. 1931 వఱకు మన దేశమున మూగచిత్రములే రాజ్యమేలినవి. అందఱికంటె ముందు, అందఱికంటె హెచ్చువెలకు కొన్న యంత్రమే ముందుగా పాతబడుట యీ చరిత్రమున మొదటి పాఠము.

రెండవ పాఠ మింతకంటె ముఖ్యమైనది. తక్కువ వెలకు కొన్నవాడును, ఎక్కువ వెలకు కొన్నవాడును యంత్రమును వెంటబెట్టుకొని సంచారము చేసినవారే. విన్సెంటు డేరా వేయుచు నూరూర తిరిగి, పిమ్మట తానే పాతే కంపెనీ యంత్రముల నితరులకు విక్రయించు వర్తకుడయ్యెను. వెంకయ్య బెంగుళూరు, బెజవాడ మొదలగు తావులకేగాక సింహళమునకును బర్మాకును పోయెను. ఒక్క యూరి ప్రేక్షకులవలన యంత్రపు వెల రాదు. యంత్రము కదలవలెను, లేదా యూరు పెద్దది కావలెను. సంచారము ముగించిన పిదప వెంకయ్య పెద్ద నగరమైన మద్రాసులోనే గెయిటీ, క్రౌను, గ్లోబు అను మందిరములను గట్టెను. కుమారుడు ప్రకాశును విదేశమునకు పంపి చిత్రనిర్మాణకళను నేర్పించెను. తుదకు మందిరములు చేజారినవి. 1941లో నాతడు మరణించెను. ఆంధ్రదేశమున మొదటి స్థిరమందిరముగా పేర్కొనబడు మారుతీ సినిమా 1921లో పోతిన శ్రీనివాసరావు పూనికచే బెజవాడలో వెలసినది. రైలుదారులు గలియు వర్తకపట్టణమున మాత్రమే యట్టి సాహసము ముందుగా పొసగెను.

యంత్రపుగది వ్యయమున యంత్ర మొక భాగము మాత్రమే. రెండవది వెలుగు. రెండు కార్బను కడ్డీల కొనలనడుమ విద్యుత్తు దుమికి మండుటచే నా వెలుగు పుట్టును. కడ్డీలు మండినకొలది తరుగును. ఆపరేటరు వానిని క్షణక్షణము దగ్గఱకు జరుపుచుండవలెను. ఇది యొకమారు పెట్టి మఱచు ఖర్చు కాదు, ప్రతి యాటకు నగునది. కరెంటు లేని యూళ్లలో ఆయిలింజను, డైనమో, వానికి నూనె, వానిని నడపు మనిషి యనునవి దీనికి తోడగును.

మూడవది గదియే. ఆనాటి ఫిల్ము సెల్యులోజు నైట్రేటుతో చేసినది. నిప్పంటుకొన్నచో నీటితోడను ఆఱదు. ఆ ఫిల్మే మండుచున్న దీపపు తీవ్రమైన వెలుగున కెదురుగ పరుగెత్తును. అందుచే 1918వ సంవత్సరపు సినిమాటోగ్రాఫు చట్టము లైసెన్సు లేనిదే ప్రదర్శనము తగదని శాసించెను. నిప్పంటని కట్టడము, కన్నములకు తటాలున పడు మూతలు, ఇసుక, నీటి బక్కెట్లు అవసరములైనవి. ఈస్ట్మన్ కొడాకు కంపెనీ 1951లో నైట్రేటు ఫిల్మును మానినను గదిని గూర్చిన నిబంధనలు మానలేదు.

1931లో మాటలచిత్రములు వచ్చుటతో నీ లెక్క యంతయు తిరుగవ్రాయవలసివచ్చెను. మూగచిత్రమును చేతితో త్రిప్పవచ్చును; వేగము కొంత తప్పినను కన్ను క్షమించును. చెవి క్షమింపదు. కావున మోటారు వచ్చెను. ఫిల్ము నంచున నున్న ధ్వనిరేఖను చదువు దీపము, ఫోటోసెల్లు, ఆంప్లిఫయరు, స్పీకరు వచ్చెను. మూగచిత్రము క్షణమునకు సుమారు 16 బొమ్మల చొప్పున నడచినచో 1,000 అడుగుల రీలు 16 నిమిషములకు పైగా వచ్చును. మాటలచిత్రమునకు క్షణమునకు 24 బొమ్మలు కావలెను. అదే రీలు 11 నిమిషములలో ముగియును. మూడుగంటల తెలుగు చిత్రమున కిట్టివి పదునాఱు, పదునేడు రీళ్లు కావలెను. ఒక్కటే యంత్రమున్నచో రీలు ముగిసినప్పుడెల్ల దీపములు వెలిగించి, జనమును కూర్చుండబెట్టి, రీలు మార్చవలెను. రెండు యంత్రములున్నచో నొకటి ముగియగనే రెండవది యందుకొనును. గదిలో నొక్క యంత్రమా, రెండు యంత్రములా యనునదియే చిన్నమందిరమునకును పెద్దమందిరమునకును గల నిజమైన యంతరము.

ఇక మూడు పట్టణములను చూడవచ్చును. 1911లో నేర్పడిన చిత్తూరు జిల్లాలో నాడు చేరియుండిన మదనపల్లె విద్యాకేంద్రము. దివ్యజ్ఞానకళాశాల 1915లో స్థాపింపబడినది. కాని దాని రైలుస్టేషను పట్టణమునకు దూరముగ మదనపల్లె రోడ్డు అను పేర నున్నది. పుంగనూరు జమీందారీ పట్టణము, రైలు లేదు. కుప్పము మద్రాసు-బెంగుళూరు రైలుదారిమీద, తమిళ కన్నడ దేశముల యంచున నున్నది. రైలు పెట్టెలోనుండి ఫిల్ముపెట్టె దిగిన కుప్పమునకును, అటుపై రోడ్డుమీద మోయవలసిన పుంగనూరునకును యంత్రము వెల యొక్కటే. కాని యా యంత్రమునకు చిత్రమును జేర్చు ఖర్చు వేఱు. సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పము తిరుపతి గంగమ్మ జాతర వంటి దినములందు వచ్చు జనము తక్కిన దినములందు రారు. ఇట్టి తావులకు డేరా సినిమాయే తగిన యుపాయము. ఒక యంత్రము, ఒక ఇంజను, ఒక డేరా పెక్కూళ్లకు పంచుకొనబడెను. నేల, బెంచి, కుర్చీ యను తరగతుల చిల్లర డబ్బులు యంత్రపు వెలను కొంచెము కొంచెముగా తీర్చెను. టూరింగు టాకీసును స్థిరమందిరమునకు పేదచుట్టముగ నెంచుట వాడుక. వ్యయదృష్టితో చూచిన నది యొక వివేకము. ఆంధ్రప్రదేశ్ 1970 నిబంధనలును స్థిరమందిరములతో పాటు టూరింగు సినిమాలకు వేఱు తరగతి నేర్పఱచెను.

2005 తరువాత డిజిటలు ప్రదర్శనము వ్యాపించెను. ఫిల్ముపెట్టె పోయినది, ఒక్కొక్క మందిరమునకు ప్రింటు తీయు ఖర్చు నిర్మాతకు తగ్గినది. కాని కార్బను యంత్రమును త్రోసివేసి క్రొత్త యంత్రమును, సర్వరును పెట్టు భారము గదిమీద పడెను. చిన్నమందిరముల యజమానులు దానిని మోయలేకపోగా, క్యూబు, యూఎఫ్ఓ వంటి సంస్థలు తామే యంత్రములనుంచి, ప్రదర్శనమునకింత యని నిర్మాతలనుండి రుసుము గైకొనుచు వచ్చెను. ఆ రుసుము హెచ్చని 2018 మార్చి 2వ తేదీనుండి దక్షిణదేశపు నిర్మాతలు క్రొత్త చిత్రముల నాపిరి. తెలుగునాట మందిరములు కొన్నిదినములు మూతపడెను. నాడు వెంకయ్య తన శాలను కుదువబెట్టి తీర్చిన ప్రశ్నయే యిది: గది ఖర్చు ఎవరిది?

రాబడి పక్షమును విస్మరింపరాదు. 2021 ఏప్రిలున వెలువడిన ప్రభుత్వాజ్ఞలో గ్రామపంచాయతీలందలి ఏసీ లేని మందిరములకు కనిష్ఠపు టికెట్టు 5 రూపాయలు. 2022 మార్చిలో నది మార్పబడెను. 2021 డిసెంబరున తనిఖీలు జరిగి, మదనపల్లె మున్నగు తావుల కొన్ని మందిరములు అనుమతిపత్రముల కొఱతచే మూయబడెను. 1918లో నైట్రేటు మంటకు వెఱచి పుట్టిన లైసెన్సు, మండు ఫిల్మే లేని కాలమునను మందిరమున కొక వ్యయముగనే నిలిచియున్నది.

ఈ చరిత్రమునకు ఆధారములు గ్రంథాలయములలో గాక మందిరముల జమాఖర్చు చిట్టాలలో నున్నవి: కార్బను కడ్డీల బిల్లులు, ఇంజను నూనె లెక్కలు, లైసెన్సు కాగితములు, ఆపరేటర్ల జీతపు పద్దులు. మందిరములు కల్యాణమండపములుగ, గోదాములుగ మాఱుచున్నకొలది నా చిట్టాలు చెదలపాలగును. శాసనముల నకళ్లు తీయించు శ్రద్ధలో కొంత యీ చిట్టాలకు వినియోగించినచో, మదనపల్లె, పుంగనూరు, కుప్పముల ప్రజలు చీకటిలో కూర్చుండి చూచిన వెలుగునకు వెలయెంతో, దానిని చెల్లించినవా రెవరో భావితరములకు తెలియగలదు.