నూటికి ఇద్దరు చాలు

లూయిస్ హిల్ వేసుకున్న లెక్క ఇది. రేడియో స్టేషన్ వినిపించే మేరలో ఉన్న శ్రోతల్లో నూటికి ఇద్దరు ఏడాదికి 10 డాలర్ల చొప్పున చందా కడితే చాలు, స్టేషన్ గడిచిపోతుంది. మిగతా తొంభై ఎనిమిది మంది పైసా ఇవ్వక్కర్లేదు. వాళ్లనూ విననీయాలి.

1940ల చివర్లో అమెరికాలో ఇది వినడానికే విడ్డూరంగా ఉండే మాట. అక్కడ రేడియో అంటే సబ్బుల కంపెనీలూ సిగరెట్ల కంపెనీలూ డబ్బు పెట్టి నడిపించే వ్యవహారం. మన దేశంలోనైతే ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉంటే లైసెన్సు తీసుకుని ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టాలి. 1980ల నడిమి దాకా ఆ తతంగం సాగింది. హిల్ చెప్పింది ఈ రెండు దారులూ కాదు. డబ్బు అడుగుతాం. ఇచ్చినా వినొచ్చు, ఇవ్వకపోయినా వినొచ్చు.

హిల్ రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టనని తేల్చి చెప్పినవాడు. అలాంటివాళ్లను పెట్టిన శిబిరంలో కొంతకాలం ఉన్నాడు. బయటికి వచ్చాక 1946లో మిత్రులతో కలిసి పసిఫికా ఫౌండేషన్ పెట్టాడు. 1949 ఏప్రిల్ 15న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కె.పి.ఎఫ్.ఎ. స్టేషన్ మొదలైంది. ఎఫ్.ఎం. స్టేషన్ అది. ఎఫ్.ఎం. పట్టే సెట్లు అప్పటికి చాలా కొద్ది ఇళ్లలోనే ఉండేవి కాబట్టి, చందా అడగడానికి ముందు శ్రోత దగ్గర సెట్టు ఉందో లేదో చూసుకోవాల్సిన పరిస్థితి. అనుకున్నట్టే డబ్బు అయిపోయింది. 1950 ఆగస్టులో ప్రసారం ఆగిపోయింది. అప్పుడు కదిలారు శ్రోతలు. చందాలు పోగుచేశారు. 1951లో స్టేషన్ మళ్లీ పలికింది. అదే ఏడాది ఫోర్డ్ ఫౌండేషన్ 1,50,000 డాలర్లు ఇచ్చిందన్న సంగతి కూడా చెప్పుకోవాలి. నూటికి ఇద్దరి లెక్క ఒక్కటే దాన్ని నిలబెట్టిందంటే అది కథే అవుతుంది. హిల్ 1957లో, నలభై ఏళ్లు నిండకుండానే చనిపోయాడు. పసిఫికా మాత్రం లాస్ ఏంజెలెస్‌కూ న్యూయార్క్‌కూ విస్తరించింది.

డబ్బు శ్రోతలదే అయినా అమెరికాలో గాలి మాత్రం ప్రభుత్వ లైసెన్సుది. 1960ల మొదట్లో పసిఫికాలో కమ్యూనిస్టులున్నారంటూ సెనేట్ ఉపసంఘం విచారణకు పిలిచింది. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ లైసెన్సుల్ని నానబెట్టి 1964లో గానీ ఇవ్వలేదు. హ్యూస్టన్‌లో పసిఫికా కొత్త స్టేషన్ ప్రసారాలు మొదలుపెట్టిన 1970లోనే శ్వేతజాతి దురహంకార ముఠా కు క్లక్స్ క్లాన్ వాళ్లు దాని ట్రాన్స్‌మిటర్‌ను బాంబు పెట్టి పేల్చారు. బాగుచేసుకుంటే మళ్లీ పేల్చారు, అదే సంవత్సరం. ప్రకటనదారుణ్ని వదిలించుకున్నంత తేలిక కాదు లైసెన్సునూ టవర్‌నూ వదిలించుకోవడం. సర్కారు సొమ్ము మీద ఆధారపడ్డవాళ్ల సంగతీ అంతే. పబ్లిక్ రేడియో, టీవీల కోసం 1967 చట్టంతో ఏర్పడ్డ సంస్థకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ వెనక్కి తీసేసుకుంది. మరుసటి నెలే ఆ సంస్థ దుకాణం కట్టేస్తున్నామని ప్రకటించింది.

లైసెన్సు అక్కర్లేని దారి మాత్రం రేడియోవాళ్ల వల్ల రాలేదు. ఎం.టి.వి.లో పాటల వ్యాఖ్యాతగా ఊరూవాడా తెలిసిన ఆడమ్ కర్రీ వల్ల వచ్చింది. 2000 అక్టోబరులో అతను న్యూయార్క్‌లో డేవ్ వైనర్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుణ్ని కలిశాడు. అప్పటి ఇంటర్నెట్‌లో ఆడియో వినడమంటే నొక్కి, కాసేపు కూర్చుని, తెగిపోతే మళ్లీ నొక్కడం. కర్రీ ఆలోచన: మనం నొక్కడం దేనికి? కంప్యూటర్ ఎటూ ఆన్‌లోనే ఉంటుంది కదా, రాత్రంతా అదే మెల్లగా దించుకుని పెట్టుకుంటే పొద్దున లేచేసరికి సిద్ధంగా ఉంటుంది. నిరీక్షణ కళ్లముందు లేకపోతే నిరీక్షణే కాదు. వైనర్‌కు మొదట ఇది తలకెక్కలేదట. ఎక్కాక మాత్రం ఆలస్యం చేయలేదు. కొత్త రాతలు ఎప్పుడు వచ్చాయో చందాదారుల కంప్యూటర్లకు చెప్పే ఆర్.ఎస్.ఎస్. అనే పద్ధతిని మెరుగుపరుస్తున్నది అతనే. ఆ డిసెంబరులో విడుదలైన 0.92 కూర్పులో ఒక చిన్న ముక్క చేర్చాడు. దాని పేరు ఎన్‌క్లోజర్.

ఆ ముక్కలో ఉన్నవి మూడే సంగతులు. ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామా, అది ఎన్ని బైట్లో చెప్పే అంకె, అది పాటో వీడియోనో చెప్పే రకం. ఒక్క వరుసలో ఇమిడిపోతుంది. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి దుకాణంలోనూ పెట్టనక్కర్లేదు. చిరునామా తెలిసినవాడి కంప్యూటర్ నేరుగా వచ్చి ఫైలు పట్టుకుపోతుంది. 2001 జనవరిలో వైనర్ గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం పాటను ఇలా పంపించి పరీక్షించాడు. పనిచేసింది. ఆ తర్వాత రెండేళ్లకు పైగా దాన్ని పట్టించుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

దానికి మాట నేర్పింది క్రిస్టఫర్ లైడన్. న్యూయార్క్ టైమ్స్‌లో రాజకీయ విలేకరిగా చేసి, బాస్టన్ టీవీలో వార్తలు చదివి, తర్వాత బాస్టన్ పబ్లిక్ రేడియోలో పేరుపడ్డ చర్చా కార్యక్రమం నడిపిన మనిషి. ఆ కార్యక్రమం ఎవరిది, నడిపేవాళ్లదా స్టేషన్‌దా అన్న తగువులో 2001లో బయటికి రావాల్సి వచ్చింది. గొంతు ఉంది, విద్య ఉంది, మైకే లేదు. 2003లో హార్వర్డ్‌లోని బర్క్‌మన్ సెంటర్‌లో వైనర్ తగిలాడు. బాబ్ డాయిల్ అనే ఆయన రికార్డింగ్ సరంజామా అంతా భుజాన వేసుకుని తిరిగేలా కూర్చిపెట్టాడు. జులైలో లైడన్ మొదటి ఇంటర్వ్యూ వైనర్‌తోనే చేశాడు. అలా రాజకీయ విలేకరి గొంతు ఎన్‌క్లోజర్‌లోకి ఎక్కింది. ఇరాక్ మీద యుద్ధం మొదలై నాలుగు నెలలైంది. హొవార్డ్ డీన్ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం ఇంటర్నెట్‌లో చిన్న చిన్న విరాళాలు పోగుచేసుకుంటున్నాడు. తెలియనివాళ్లకు స్క్రీన్ మీద కార్డు నంబరు కొట్టి నచ్చినదానికి పాతిక డాలర్లు పంపడం అమెరికన్లకు అలవాటవుతున్న రోజులవి. ఇలా కంప్యూటర్‌లోకి దిగే ఆడియో కార్యక్రమాలకు, అంటే పాడ్‌కాస్ట్‌లకు, సాంకేతికత ఎంత అవసరమో ఈ అలవాటూ అంతే అవసరమైందని నా అభిప్రాయం.

తర్వాతిది చకచకా జరిగింది. 2004లో కర్రీ, మరికొందరు ఔత్సాహికులు ఆడియోను నేరుగా ఐపాడ్‌లోకి దించే ప్రోగ్రాములు రాశారు. ఆగస్టులో కర్రీ తన రోజువారీ కార్యక్రమం మొదలుపెట్టాడు. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో 3,000 పాడ్‌కాస్ట్‌ల పట్టిక పెట్టింది. రెండు రోజుల్లో పది లక్షల చందాలు పడ్డాయి. చందాలంటే డబ్బు కాదు, ఉచితంగా దించుకోవడానికి పేరు నమోదు. డబ్బు ప్రశ్న అలాగే మిగిలింది.

వినేవాళ్లు మాత్రం తయారుగా ఉన్నారు. 2004 మే 26న న్యూయార్క్ టైమ్స్ సంపాదకులు ఇరాక్ ఆయుధాల గురించి తాము వేసిన వార్తల్లో కొన్నింటిని నిలదీసి చూడాల్సినంతగా చూడలేదని పత్రికాముఖంగా ఒప్పుకున్నారు. అంతటి పత్రికే ఆ మాట అన్నాక, వార్తల్ని విప్పి చూపించేవాళ్ల కోసం జనం వెతుక్కోవడంలో వింతేముంది?

ఒరెగాన్‌లో డాన్ కార్లిన్ రేడియోలో రాజకీయ చర్చలు నడిపినవాడు. 2005లో ‘కామన్ సెన్స్’ పేరుతో రాజకీయాల మీద, 2006లో ‘హార్డ్‌కోర్ హిస్టరీ’ పేరుతో చరిత్ర మీద పాడ్‌కాస్ట్‌లు మొదలుపెట్టాడు. అతను అడిగింది భాగానికి ఒక్క డాలరు. పాత భాగాల్ని విడిగా అమ్మాడు. రేడియోలో గంటకింత వార్త, ఇంత ప్రకటన అని గడియారం మెడ మీద కూర్చుంటుంది. కార్లిన్‌కు ఆ గడియారం లేదు. 1898లో అమెరికా స్పెయిన్‌తో యుద్ధానికి దిగి సామ్రాజ్యపు రుచి మరిగిన వైనాన్ని ఒకే భాగంలో గంటల తరబడి చెప్పాడు. మొదటి ప్రపంచ యుద్ధం మీద ఆరు భాగాలు చేశాడు, అన్నీ కలిపితే ఇరవై గంటలు దాటుతాయి. ఒక భాగానికీ మరోదానికీ మధ్య నెలలు గడిచేవి. ఏ ప్రకటనదారుడూ ఇంత ఓపిక పట్టడు. శ్రోతలు పట్టారు.

2007 అక్టోబరులో కర్రీ, కంప్యూటర్ పత్రికల్లో నోటి దురుసు కాలమిస్టుగా పేరున్న జాన్ సి. డ్వోరాక్‌తో కలిసి ‘నో ఎజెండా’ మొదలుపెట్టాడు. గురువారం, ఆదివారం. ఇద్దరూ వేర్వేరు ఊళ్లలో కూర్చుని, టీవీ వార్తల ముక్కలు వినిపిస్తూ, ఏ మాట ఎందుకు అలా వాడారో, ఏది మింగేశారో విప్పుతూ పోతారు. ప్రకటన ఒక్కటీ ఉండదు. విన్నదాని విలువ నీకు ఎంత అనిపిస్తే అంత వెనక్కి ఇవ్వమంటారు. డబ్బు లేకపోతే బొమ్మ గీసి పంపవచ్చు, చిన్న పాట కట్టి పంపవచ్చు, వార్త ముక్క పట్టి పంపవచ్చు. అందుకే శ్రోతల్ని శ్రోతలనరు, ప్రొడ్యూసర్లంటారు. ప్రతి కార్యక్రమం మధ్యలో దాతల పేర్లు, వాళ్లు ఇచ్చిన మొత్తం, పంపిన ఉత్తరం చదువుతారు. బుర్రకథ రాత్రుల్లో కథ ఆపి, ఫలానా వీధి ఫలానా వారు పది రూపాయలు చదివించారని వేదిక మీదినుంచి చెప్పి, వాళ్ల పేరు మీద ఒక దరువు వేసేవాళ్లు కదా, అచ్చం అదే చదివింపుల పద్ధతి. పెద్ద మొత్తం ఇచ్చినవాళ్లకు ఆ భాగానికి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ హోదా ఇస్తారు. విడతల వారీగానైనా సరే వెయ్యి డాలర్లు పూర్తయినవాళ్లకు ‘సర్’ బిరుదు, ఆడవాళ్లయితే ‘డేమ్’. వేళాకోళంగానే మొదలైనా ఇంటి అద్దెలు కట్టించిన వేళాకోళం అది.

ఇందులో నాకు గుచ్చుకునేదీ ఉంది. ప్రకటనదారుడు లేకపోవడంతో పాటు సంపాదకుడూ లేడు. పెద్ద పత్రికల్ని నిలదీసేవాణ్ని నిలదీసేవాడు ఎవడు? ఆ కార్యక్రమంలో పదునైన పరిశీలన పక్కనే గాలిలో కట్టిన కుట్రకథా దొర్లుతుంది. ఏది ఏదో పోల్చుకునే పని వినేవాడిదే.

వినేవాళ్ల జేబులే పేటెంటు తగువులోనూ ఆదుకున్నాయి. పాడ్‌కాస్టింగ్ మీద పేటెంటు మాదేనంటూ పర్సనల్ ఆడియో అనే కంపెనీ 2013 నాటికి పాడ్‌కాస్టర్ల మీద కేసులు వేయడం మొదలుపెట్టింది. ఇంటర్నెట్‌లో హక్కుల కోసం పోరాడే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ దాన్ని ఎదిరించడానికి 30,000 డాలర్లు కావాలని జనాన్ని అడిగితే అంతకు రెట్టింపు పైనే వచ్చాయి. ఆ పేటెంటు కంటే ముందే సి.ఎన్.ఎన్.తో పాటు కెనడా ప్రభుత్వ రేడియో కూడా తమ కార్యక్రమాల్ని భాగాలుగా ఇంటర్నెట్‌లో పెట్టాయని చూపించి, 2015 ఏప్రిల్‌లో పేటెంటు కార్యాలయం చేతే ఆ హక్కుల్ని కొట్టివేయించింది.

అదే 2013లో సంగీతకారుడు జాక్ కాంటే, మిత్రుడు శామ్ యామ్‌తో కలిసి ప్యాట్రియాన్ పెట్టాడు. కాంటే వేల డాలర్లు పోసి తీసిన పాట వీడియోకు యూట్యూబ్ ప్రకటనల ద్వారా వచ్చేది నామమాత్రం. ఆ కడుపుమంటలోంచి పుట్టింది నెలనెలా చందా వసూలు చేసిపెట్టే ఈ ఏర్పాటు. దీంతో అడగడం తేలికైంది, కానీ హిల్ వదిలిపెట్టిన ఒక పని మళ్లీ వచ్చింది. తలుపు వేయడం. 2016 మార్చిలో మొదలైన ‘చాపో ట్రాప్ హౌస్’ అనే వామపక్ష వెటకారాల పాడ్‌కాస్ట్ వారంలో ఒక భాగం అందరికీ, ఇంకొకటి నెలకు 5 డాలర్లు కట్టేవాళ్లకు అని పంచింది. కొద్ది కాలానికే అది ప్యాట్రియాన్‌లోకెల్లా ఎక్కువ వసూలు చేసే కార్యక్రమాల్లో ఒకటైంది. వేసిన తలుపు లోపల ఉన్నది మాత్రం ఎన్‌క్లోజర్ అనే ఆ పాత ఒక్క వరుస ముక్కే. డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ వాళ్లకే సొంతమైన రహస్య చిరునామా ఒకటి తయారవుతుంది. దాన్ని ఏ ప్లేయర్‌లో పెట్టినా ఫైలు దిగుతుంది.

ఒక్క ప్రకటనదారుడికి భయపడేవాడు మెత్తబడతాడు. వేలమంది చందాదారులకు భయపడేవాడు వాళ్లకు నచ్చిన వైపే ఇంకాస్త గట్టిగా అరుస్తాడు. రెండో ఒత్తిడి గురించి తక్కువ మాట్లాడుకుంటాం. కార్లిన్‌ను చూస్తే అనిపిస్తుంది: అటో ఇటో నిలబడని అతని ‘కామన్ సెన్స్’ 2016 ఎన్నికల తర్వాత ఎప్పుడో గానీ రాలేదు. ‘హార్డ్‌కోర్ హిస్టరీ’ మాత్రం ఆగలేదు.

చిల్లర చందాల మీద బతకడం ఎంత సన్నని తాడో 2017 డిసెంబరులో తెలిసింది. ప్యాట్రియాన్ ప్రతి చందా మీదా 2.9 శాతం, ఆపైన 35 సెంట్లు దాత నుంచే తీసుకుంటానంది. డాలరు ఇచ్చేవాడికి డాలరూ 38 సెంట్లు పడుతుంది. పది పాడ్‌కాస్ట్‌లకు తలా ఒక డాలరు ఇచ్చేవాళ్లు మూకుమ్మడిగా మానుకోసాగారు. వారం తిరిగేసరికి ప్యాట్రియాన్ క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గింది.

కర్రీకి మాత్రం వేరే బెంగ పట్టుకుంది: చిరునామాలు ఎవరివి వాళ్లవే అయినా, వాటిని వెతికిపెట్టే పట్టిక ఆపిల్ చేతిలో ఉంది. ఆపిల్ ఒక పేరు కొట్టేస్తే దాని పట్టికను నమ్ముకున్న ప్లేయర్లలోనూ ఆ పాడ్‌కాస్ట్ కనిపించదు. 2020లో అతను డేవ్ జోన్స్ అనే ప్రోగ్రామర్‌తో కలిసి పాడ్‌కాస్ట్ ఇండెక్స్ అనే పట్టిక తెరిచాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వింటున్న నిమిషాల్ని బట్టి బిట్‌కాయిన్ తునకలు శ్రోత నుంచి నేరుగా చెప్పేవాడికి జారేలా కూడా ఒక ఏర్పాటు చేశారు. ఆ సరదా ఎక్కువమందికి పట్టలేదు. పట్టిక మాత్రం నడుస్తోంది, దాని సర్వర్ల ఖర్చుకు వాడుకునేవాళ్లనే విరాళం అడుగుతూ.